డెస్క్‌టాప్‌కు వైఫై అడాప్టర్: యూఎస్‌బీయా, పీసీఐఈ కార్డా, ఎం.2 మాడ్యూలా?

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు వైఫై అడాప్టర్ కొనబోయేవారి కళ్లు ముందుగా పెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన వేగం మీద పడతాయి. ఎంపికకు ఆ అంకె పెద్దగా పనికిరాదు. అడాప్టర్ నుంచి వాస్తవంగా అందే వేగాన్నీ నిలకడనూ తేల్చేవి ముఖ్యంగా రెండు విషయాలు: దాని యాంటెన్నా గదిలో ఏ చోట నిలుస్తుందన్నది మొదటిది, లోపల ఉన్న చిప్‌కు మనం వాడే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నమ్మదగిన డ్రైవర్ (చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉందా అన్నది రెండవది. బయటి పోర్టుకు గుచ్చే యూఎస్‌బీ అడాప్టర్, మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) స్లాట్‌లో అమర్చే పీసీఐఈ కార్డు, అదే బోర్డు మీది మరో చిన్న స్లాట్‌లో పెట్టే ఎం.2 మాడ్యూల్ అనే మూడు రకాలనూ ఇక్కడ ప్రధానంగా ఈ రెండు కొలతలతోనే పోల్చి చూస్తున్నాను. ధర, రూపం, బ్రాండు ఆ తరువాత చూసుకోవలసినవి.

కొనేముందు

ముందుగా కంప్యూటర్ వెనుక భాగాన్ని ఒకసారి పరిశీలించాలి. ఇటీవలి మదర్‌బోర్డుల్లో చాలావాటికి వైఫై అమర్చే వస్తోంది. యూఎస్‌బీ, ఆడియో పోర్టుల పక్కన మర ఉన్న రెండు చిన్న బంగారు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి వైఫై యాంటెన్నాల కోసం పెట్టినవే. మదర్‌బోర్డు పెట్టెలో వచ్చిన యాంటెన్నాలను బిగించకుండా వదిలేస్తే, రౌటర్ దగ్గరగా ఉన్నప్పుడు అరకొర సిగ్నల్ అందుతూనే ఉంటుంది కాబట్టి, లోపం యాంటెన్నా లేకపోవడమే అని చాలామందికి తట్టదు. అలాంటి కంప్యూటర్‌కు కొత్త అడాప్టర్ అక్కరలేదు. యాంటెన్నాలు కనిపించకుండా పోయినా విడిగా దొరుకుతాయి.

ఆ తరువాత ఆలోచించవలసింది కేబుల్ గురించి. రౌటర్ అదే గదిలో ఉన్నా, గోడ అంచు వెంబడి ఒక కేబుల్ లాగే వీలున్నా, ఏ వైఫై అడాప్టరూ దానికి సాటిరాదు. క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దూరం వరకు సెకనుకు 1 గిగాబిట్ వేగాన్ని మోయగలదు. పొరుగువారి రౌటర్లు, మైక్రోవేవ్ ఓవెన్లు దానిని కలవరపెట్టలేవు. డెస్క్‌టాప్ ఒకచోట పెడితే ఏళ్ల తరబడి అక్కడే ఉండే యంత్రం కాబట్టి, ఒక్కసారి పడే శ్రమకు వెనుకాడకుండా కేబుల్ వేసుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. అద్దె ఇల్లు కావడం వల్లనో, మధ్యలో మూడు గోడలు ఉండడం వల్లనో అది కుదరనప్పుడే మిగతా చర్చ.

అడాప్టర్ తప్పదనుకున్నప్పుడు, కంప్యూటర్ ఉండే చోట సిగ్నల్ ఎలా ఉందో ముందే చూసుకోవచ్చు. వేగాన్ని కొలిచే యాప్ ఉన్న ఫోన్‌ను మొదట క్యాబినెట్ వెనుక, అడాప్టర్ రాబోయే చోటనే పెట్టి ఒకసారి, తరువాత అదే ఫోన్‌ను బల్ల మీద, రౌటర్ వైపు అడ్డు లేని చోట పెట్టి మరొకసారి కొలవాలి. రెండు ఫలితాలూ దాదాపు సమానంగా ఉంటే ఏ రకం అడాప్టర్ అయినా పనిచేస్తుంది. బల్ల మీద బాగా వచ్చి క్యాబినెట్ వెనుక పడిపోతుంటే, యాంటెన్నాను ఇనుప పెట్టె నుంచి దూరంగా జరపగలిగే అడాప్టర్ కావాలి. రెండు చోట్లా బలహీనంగానే ఉంటే మార్చవలసింది రౌటర్ ఉన్న చోటునే. సిగ్నల్ బలాన్ని డీబీఎంలో (ఈ అంకె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ) చూపే యాప్ ఉంటే ఇంకా మంచిది: మైనస్ 60 లేదా అంతకంటే మెరుగైన విలువ ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, మైనస్ 70 కంటే దిగజారితే వీడియో కాల్స్ తడబడే అవకాశం ఉంది, మైనస్ 80 దగ్గర అనుసంధానం నిలవడమే కష్టం.

యూఎస్‌బీ అడాప్టర్లు

క్యాబినెట్ విప్పనక్కరలేదు, ఒక కంప్యూటర్ నుంచి తీసి మరొకదానికి పెట్టుకోవచ్చు, ధర తక్కువ. ఈ మూడు కారణాల వల్ల ఎక్కువమంది చూపు వీటి మీదే ఉంటుంది. అయితే యూఎస్‌బీ అడాప్టర్లన్నీ ఒకే తరహావి కావు. వాటి మధ్య ఉన్న తేడా, కొన్నిసార్లు యూఎస్‌బీకీ పీసీఐఈకీ మధ్య ఉన్న తేడా కంటే పెద్దది.

గోరంత ఉండే నానో అడాప్టర్‌లో యాంటెన్నా కూడా ఆ గోరంత స్థలంలోనే ఇమడాలి. దానిని క్యాబినెట్ వెనుక పోర్టుకు గుచ్చితే ఒకవైపు ఇనుప రేకు, మరోవైపు గోడ, చుట్టూ కేబుళ్ల గుంపు ఉంటాయి. వైఫై తరంగాలకు లోహం పెద్ద అడ్డు. నానో అడాప్టర్లు ప్రధానంగా ల్యాప్‌టాప్‌ల కోసం, పోర్టు నుంచి బయటకు పొడుచుకు రాకుండా ఉండాలని చేసినవి. డెస్క్‌టాప్‌కు ఆ అవసరమే లేదు. ఇప్పటికే నానో అడాప్టర్ ఉన్నవారు దానిని ముందువైపు పోర్టుకు మార్చినా, ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదకు తెచ్చినా స్పష్టమైన మెరుగుదల కనిపించే అవకాశం ఉంది. కొత్తగా కొనేవారు మాత్రం మడిచే యాంటెన్నా ఉన్నదో, కేబుల్‌తో బల్ల మీద నిలబెట్టే పీఠం ఉన్నదో తీసుకోవడం మంచిది. నా దృష్టిలో ఈ పీఠం ఉన్న రకమే యూఎస్‌బీ అడాప్టర్లలో అన్నిటికంటే ఉపయోగకరమైనది, ఎందుకంటే సిగ్నల్ బాగున్న చోటుకు యాంటెన్నాను మనమే జరుపుకోగలం.

పోర్టు సంగతి కూడా చూడాలి. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు; లావాదేవీల భారం పోగా దాని ద్వారా వాస్తవంగా అందేది సుమారు 300 మెగాబిట్లు. పెట్టె మీద ఎంత పెద్ద అంకె ఉన్నా యూఎస్‌బీ 2.0 అడాప్టర్ ఈ హద్దును దాటలేదు. ఇంటర్నెట్ ప్లాన్ 100 మెగాబిట్లదే అయితే ఈ హద్దు అడ్డురాదు. అంతకంటే పెద్ద ప్లాన్ ఉన్నా, ఇంట్లోనే ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి పెద్ద ఫైళ్లు పంపే అలవాటు ఉన్నా, యూఎస్‌బీ 3.0 అడాప్టర్‌ను తీసుకుని దానిని యూఎస్‌బీ 3.0 పోర్టుకే పెట్టాలి.

ఇక్కడ తక్కువమందికి తెలిసిన ఒక చిక్కు ఉంది. యూఎస్‌బీ 3.0 పోర్టులు, కేబుళ్లు పనిచేసేటప్పుడు వైఫై వాడే పౌనఃపున్య శ్రేణుల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో రేడియో రొదను వెదజల్లుతాయి. దీనిని వివరిస్తూ ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రం ప్రచురించింది. అడాప్టర్‌కు ఆనుకుని ఉన్న పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి ఫైళ్లు కాపీ చేస్తుండగా వైఫై నెమ్మదించినా, వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదిలినా, ఈ రొద కారణమై ఉండవచ్చు. అడాప్టర్‌ను 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో వాడడం, దానిని కేబుల్ సాయంతో ఆ పోర్టులకు దూరంగా ఉంచడం దీనికి పరిష్కారాలు.

పీసీఐఈ కార్డులు

పీసీఐఈ కార్డును మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న స్లాట్‌లో అమర్చాలి. ఈ కార్డులకు అతి చిన్న ఎక్స్1 స్లాట్ చాలు. అది లేకపోతే ఎక్స్4, ఎక్స్16 స్లాట్‌లోనైనా పెట్టవచ్చు. పీసీఐఈ రెండవ తరం ఎక్స్1 స్లాట్ కూడా సెకనుకు 500 మెగాబైట్లు, అంటే 4 గిగాబిట్లు మోయగలదు కాబట్టి, వైఫై 6 వరకు స్లాట్ వల్ల వేగం తగ్గే ప్రశ్న రాదు. యూఎస్‌బీ మధ్యవర్తిత్వం లేకపోవడంతో స్పందన సమయం కూడా సాధారణంగా మరింత నిలకడగా ఉంటుంది. ఆన్‌లైన్ ఆటలు ఆడేవారికి, రోజంతా వీడియో సమావేశాల్లో ఉండేవారికి ఈ నిలకడ గరిష్ఠ వేగం కంటే ఎక్కువ అవసరం.

కొనేముందు క్యాబినెట్ మూత తీసి చూడడం తప్పనిసరి. పెద్ద గ్రాఫిక్స్ కార్డు రెండు మూడు స్లాట్ల స్థలాన్ని ఆక్రమిస్తుంది. ఎక్స్1 స్లాట్ తరచుగా దాని కిందనే చిక్కుకుపోతుంది. సన్నని క్యాబినెట్‌లకు పొట్టి బ్రాకెట్ కావాలి, అది పెట్టెలో వస్తుందో లేదో ముందే చూసుకోవాలి. బ్లూటూత్ ఉన్న కార్డు అయితే మరొక విషయం: అందులో వైఫై పీసీఐఈ స్లాట్ ద్వారా పనిచేస్తుంది, బ్లూటూత్ మాత్రం మదర్‌బోర్డు మీది తొమ్మిది పిన్నుల యూఎస్‌బీ 2.0 హెడర్‌కు కలిపే ఒక సన్నని కేబుల్ ద్వారా పనిచేస్తుంది. ఆ హెడర్ ఖాళీ లేకపోయినా, కేబుల్ కలపడం మరిచిపోయినా, వైఫై వస్తుంది కానీ బ్లూటూత్ జాడ ఉండదు. కార్డు పాడైందని తిప్పి పంపే ముందు ఆ కేబుల్‌ను చూడాలి.

పీసీఐఈ కార్డుల అసలైన బలహీనత యాంటెన్నాల దగ్గర ఉంది. చౌక కార్డుల్లో అవి నేరుగా కార్డు వెనుక ఉన్న మర కనెక్టర్లకే బిగుస్తాయి. అంటే క్యాబినెట్ వెనుక, బల్ల కింద, గోడకు ఎదురుగా, నానో అడాప్టర్‌కు దొరికిన చోటే వీటికీ దొరుకుతుంది. పరిమాణం పెద్దది కావడం వల్ల కొంత మెరుగే అయినా, బల్ల మీద ఉన్న మంచి యూఎస్‌బీ అడాప్టర్ ముందు ఇలాంటి కార్డు వెనుకబడితే ఆశ్చర్యపడనక్కరలేదు. అందువల్ల అయస్కాంత పీఠంతో, మీటరు పొడవైన కేబుల్‌తో యాంటెన్నా వచ్చే కార్డుకే నా ఓటు. ముందే కొన్న కార్డుకు అలాంటి పీఠాన్ని విడిగా కొని తగిలించుకోవచ్చు. ఈ కార్డుల మీద ఉండే కనెక్టర్ దాదాపు ఎప్పుడూ ఆర్‌పీ-ఎస్ఎంఏ రకమే.

ఎం.2 మాడ్యూల్

మార్కెట్లో ఉన్న చాలా పీసీఐఈ వైఫై కార్డుల హీట్‌సింక్ కింద ఉండేది ఒక చిన్న ఎం.2 మాడ్యూలే. మదర్‌బోర్డు మీద వైఫై మాడ్యూళ్ల కోసం ఉండే ‘కీ ఈ’ అనే రకం ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంటే ఆ మాడ్యూల్‌ను నేరుగా అక్కడే పెట్టుకుని, పీసీఐఈ స్లాట్‌ను మిగుల్చుకోవచ్చు. ఎస్ఎస్‌డీల కోసం ఉండే ‘కీ ఎం’ స్లాట్ దీనికి పనికిరాదు. యాంటెన్నా కేబుళ్లు, వెనుక బిగించే కనెక్టర్లు విడిగా తెచ్చుకోవాలి, మాడ్యూల్ మీది బటానీ గింజ కంటే చిన్న కనెక్టర్లకు కేబుళ్లను ఓపికగా నొక్కాలి.

ఇక్కడ తప్పు జరిగే అవకాశం ఎక్కువగా ఉన్నది మోడల్ నంబరు దగ్గర. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 మాడ్యూళ్లు మామూలు పీసీఐఈ పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్లు రెండింటిలోనూ నడుస్తాయి. చివర 1 ఉన్న ఏఎక్స్201, ఏఎక్స్211 అలా కావు. వాటిలో రేడియో భాగం మాత్రమే ఉంటుంది, మిగతా పని ఇంటెల్ చిప్‌సెట్ లోపల జరుగుతుంది. సీఎన్‌వీఐ అనే ఈ పద్ధతికి మద్దతు ఉన్న ఇంటెల్ మదర్‌బోర్డు కాకుండా మరెక్కడ పెట్టినా అవి పనిచేయవు. చూడడానికి, స్లాట్‌లో ఇమడడానికి రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. చవకగా దొరుకుతున్న మాడ్యూల్ చివరి అంకె ఏమిటో చూడకుండా కొనకూడదు.

పెట్టె మీది అంకెలు

ఏసీ600, ఏఎక్స్1800, ఏఎక్స్3000 వంటి పేర్లలో అక్షరాలు వైఫై తరాన్ని చెబుతాయి: ఏసీ అంటే వైఫై 5, ఏఎక్స్ అంటే వైఫై 6, ఏఎక్స్ఈ అంటే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా ఉన్న వైఫై 6ఈ, బీఈ అంటే వైఫై 7. వైఫై అలయన్స్ 2018లో ఈ సులువైన తరం అంకెలను ప్రవేశపెట్టినా, అమ్మకందారులు పాత అక్షరాలను వదలలేదు. అక్షరాల పక్కన ఉన్న సంఖ్య, అన్ని బ్యాండ్ల సైద్ధాంతిక వేగాలనూ కూడగా వచ్చిన మొత్తానికి దగ్గరి అంకె. వైఫై 6 వరకు అడాప్టర్ ఒక సమయంలో ఒక బ్యాండ్‌లోనే అనుసంధానమవుతుంది కాబట్టి ఆ మొత్తం వేగం ఏ ఒక్క క్షణంలోనూ అందదు.

విడదీసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఏసీ600 అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 150, 5 గిగాహెర్ట్జ్‌లో 433 మెగాబిట్లు. 433 అనేది ఒకే ఒక్క డేటా ప్రవాహం (ఏకకాలంలో విడిగా సాగే రేడియో మార్గం) ఉన్న వైఫై 5 అడాప్టర్ గుర్తు. రెండు ప్రవాహాలు ఉంటే అది 867 అవుతుంది. వైఫై 6లో 80 మెగాహెర్ట్జ్ ఛానెల్ మీద రెండు ప్రవాహాలకు 1201, ఛానెల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ అయితే 2402. ఏఎక్స్1800 అంటే 574కు 1201 కలిపినది, ఏఎక్స్3000 అంటే 574కు 2402 కలిపినది. ఈ లెక్క తెలియనివారు ముఖ్యంగా మోసపోయేది 3000 అన్న అంకె దగ్గర. ఏఎక్స్3000 పీసీఐఈ కార్డులో 5 గిగాహెర్ట్జ్ వేగం 2402. ఏఎక్స్ఈ3000 అని ఉన్న యూఎస్‌బీ అడాప్టర్‌లో 574, 1201, 1201 అనే మూడు బ్యాండ్ల వేగాలు కలిస్తే 3000 అయింది, అందువల్ల ఏ బ్యాండ్‌లోనూ 1201 దాటదు. ఒకే సంఖ్య కింద రెండింతల తేడా దాగి ఉంది. కాబట్టి మొత్తం సంఖ్యను పక్కన పెట్టి, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వేగం ఎంత అన్న ఒక్క వివరాన్ని వెతకాలి. ఆ వేగంలో కూడా ఫైళ్లకు వాస్తవంగా దక్కేది, రౌటర్ దగ్గరగా ఉన్నప్పుడు, సుమారు సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే.

160 మెగాహెర్ట్జ్ ఛానెల్ ఉపయోగపడాలంటే రౌటర్‌లోనూ ఆ వెడల్పు ఉండాలి. పైగా 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో అంత వెడల్పైన ఛానెల్ రాడార్లు వాడే పౌనఃపున్యాల మీదుగా సాగుతుంది. రాడార్ సంకేతం వినిపిస్తే రౌటర్ ఆ ఛానెల్‌ను వెంటనే ఖాళీ చేయాలన్నది నియమం. విమానాశ్రయాలకు, వాతావరణ రాడార్లకు దగ్గరలో ఉన్న ఇళ్లలో ఈ కారణంగా వైఫై అప్పుడప్పుడు తెగిపోవచ్చు. అక్కడ 80 మెగాహెర్ట్జ్‌తో సరిపెట్టుకోవడమే నయం.

వైఫై 6ఈ, వైఫై 7 గురించి నా సలహా సూటిగా చెబుతాను. 6 గిగాహెర్ట్జ్ రౌటర్ ఇంట్లో లేకపోతే వాటి కోసం అదనపు ధర చెల్లించవద్దు. ఆ బ్యాండ్‌ను ఎంతవరకు తెరవాలన్నది ఒక్కో దేశంలో ఒక్కో విధంగా నిర్ణయమైంది, ఆ తరంగాలు గోడలను 5 గిగాహెర్ట్జ్ కంటే ఇంకా తక్కువగా దాటుతాయి. విండోస్‌లో 6 గిగాహెర్ట్జ్ వాడాలంటే విండోస్ 11 ఉండాలి, వైఫై 7కు అందులోనూ 24హెచ్2 లేదా తరువాతి వెర్షన్ కావాలి. రౌటర్, కంప్యూటర్ ఒకే గదిలో ఉండి, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వైఫైలతో 5 గిగాహెర్ట్జ్ కిక్కిరిసిపోయిన చోట మాత్రం 6 గిగాహెర్ట్జ్ నిజంగా ఊరటనిస్తుంది.

చిప్, డ్రైవర్

అడాప్టర్ మీద ఏ బ్రాండు పేరున్నా లోపలి చిప్ సాధారణంగా ఇంటెల్, మీడియాటెక్, రియల్‌టెక్, క్వాల్‌కామ్ సంస్థల్లో ఒకదానిది. యూఎస్‌బీ అడాప్టర్లలో ఎక్కువగా కనిపించేవి రియల్‌టెక్, మీడియాటెక్ చిప్‌లు. విండోస్ వాడేవారికి ఈ తేడా పెద్దగా బాధించదు. లైనక్స్ వాడేవారికి మాత్రం ఎంపిక మొత్తం దీని మీదే ఆధారపడాలి. ఇంటెల్ ఏఎక్స్200కు లైనక్స్ కెర్నల్ (ఆ సిస్టమ్ మూల భాగం) 5.1 వెర్షన్ నుంచి, ఏఎక్స్210కు 5.10 నుంచి మద్దతు ఉంది. మీడియాటెక్ ఎంటీ7921 చిప్‌కు పీసీఐఈ రూపంలో 5.12 నుంచి, యూఎస్‌బీ రూపంలో 5.18 నుంచి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. రియల్‌టెక్ యూఎస్‌బీ వైఫై 5 చిప్‌లు కొన్నింటికి 6.2 నుంచి మద్దతు మొదలైంది. అంతకుముందు వాటిని బయటి డ్రైవర్‌తో నడిపేవారు కెర్నల్ మారినప్పుడల్లా దానిని మళ్లీ తయారు చేసుకోవలసి వచ్చేది. లైనక్స్‌లో యూఎస్‌బీ అడాప్టరే కావాలంటే ఎంటీ7921 ఉన్నదానిని వెతకమని చెబుతాను.

మోడల్ పేరు ఒకటే అయినంత మాత్రాన చిప్ ఒకటే అనుకోకూడదు. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యుఎన్722ఎన్ దీనికి పేరుపొందిన ఉదాహరణ: మొదటి వెర్షన్‌లో లైనక్స్‌తో చక్కగా కలిసే ఎథిరోస్ చిప్ ఉండగా, రెండవ వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్ వచ్చింది, పేరు మాత్రం మారలేదు. ఇతరుల సమీక్ష చదివి కొనేవారు, తాము కొంటున్న పెట్టె మీది వెర్షన్ అంకె సమీక్షలో ఉన్నదేనా అని చూసుకోవాలి.

కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్‌లో అడాప్టర్ డ్రైవర్ లేక ఇంటర్నెట్ రాదు, ఇంటర్నెట్ లేక డ్రైవర్ రాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఈ ముడి విడిపోతుంది. కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు మొదట ఒక సీడీ డ్రైవ్‌లా కనిపించి తమ డ్రైవర్‌ను తామే అందిస్తాయి. విండోస్‌లో ఇది సౌకర్యమే, కానీ పాత లైనక్స్‌లో ఆ సీడీ రూపం నుంచి వైఫై రూపానికి మార్చడానికి అదనపు ప్రయత్నం అవసరం కావచ్చు.

ఎవరికి ఏది

క్యాబినెట్ విప్పడం ఇష్టం లేనివారికి, వెబ్, వీడియోలు, కార్యాలయ పని వరకే వాడేవారికి, పీఠంతో లేదా పెద్ద యాంటెన్నాతో వచ్చే రెండు ప్రవాహాల యూఎస్‌బీ 3.0 వైఫై 6 అడాప్టర్ సరిపోతుంది. ఆటలు, రోజువారీ వీడియో సమావేశాలు, ఇంట్లోనే పెద్ద ఫైళ్ల బదిలీ ఉన్నవారు అయస్కాంత పీఠం యాంటెన్నా ఉన్న ఏఎక్స్3000 పీసీఐఈ కార్డు తీసుకోవాలి. లైనక్స్ వాడేవారు అందులో ఇంటెల్ ఏఎక్స్200 లేదా ఏఎక్స్210 ఉన్నదానిని ఎంచుకుంటే డ్రైవర్ గురించి ఆలోచించే పనే ఉండదు. ‘కీ ఈ’ స్లాట్ ఖాళీగా ఉండి, చేతిపని మీద ఆసక్తి ఉన్నవారికి ఎం.2 మాడ్యూల్ అదే ఫలితాన్ని ఇస్తుంది.

వీటితో పాటు చాలామంది లెక్కలోకి తీసుకోని మరో మార్గం ఉంది. బ్రిడ్జ్ లేదా క్లయింట్ మోడ్ (ప్రధాన రౌటర్ వైఫైని అందుకుని కేబుల్ ద్వారా ఇచ్చే పద్ధతి) ఉన్న రౌటర్‌ను, లేదా ల్యాన్ పోర్టు ఉన్న మెష్ యూనిట్‌ను, కంప్యూటర్ ఉన్న గదిలో ఎత్తైన చోట పెట్టి, అక్కడి నుంచి కంప్యూటర్‌కు పొట్టి కేబుల్ వేయవచ్చు. కంప్యూటర్ దానిని మామూలు కేబుల్ అనుసంధానంగానే చూస్తుంది కాబట్టి ఏ వైఫై డ్రైవరూ అక్కరలేదు. స్లాట్లు లేని పాత యంత్రాలకు, వైఫై డ్రైవర్లు దొరకని ఆపరేటింగ్ సిస్టమ్‌లకు, ఇంట్లో పాత రౌటర్ ఊరికే పడి ఉన్నవారికి నేను మొదట సూచించేది ఇదే.

ఏది అమర్చుకున్నా, ఆ రోజే విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో వైఫై లక్షణాలు తెరిచి బ్యాండ్, లింక్ వేగం చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటే డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ అధునాతన సెట్టింగ్స్‌లోకి వెళ్లి 5 గిగాహెర్ట్జ్‌కు ప్రాధాన్యం ఇవ్వాలి. కాసేపు వాడకుండా వదిలాక అనుసంధానం తెగుతుంటే, అక్కడే పవర్ మేనేజ్‌మెంట్‌లో విద్యుత్తు ఆదా కోసం పరికరాన్ని ఆపివేసే అనుమతిని తీసివేయాలి. యూఎస్‌బీ అడాప్టర్‌ను రెండు మూడు పోర్టుల్లో, పీఠాన్ని బల్ల మీద రెండు మూడు చోట్ల ఉంచి వేగం కొలిచి చూడాలి. ఇవన్నీ చేశాక కూడా అదే చోట ఫోన్‌కు వచ్చిన వేగంలో సగమైనా రాకపోతే, వాపసు గడువు ముగియకముందే దానిని ఇచ్చేసి వేరే చిప్ ఉన్నదానిని తీసుకోవాలి.